స్టాఫ్‌నర్సు కొలువుకు బీఎస్సీ తప్పనిసరి చేయాల్నా? ముగ్గురు సిస్టర్ల ముచ్చట

పాలమూరు వార్డు: మూడేండ్ల జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా), నాలుగేండ్ల బీఎస్సీ నర్సింగ్ డిగ్రీ రెండూ ఒకే పోస్టుకు నడుస్తున్నయ్. ఇకమీద బీఎస్సీనే అడగాలని నేనంట. 2014ల నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఎయికెన్ బృందం లాన్సెట్ అనే వైద్య పత్రికల 9 యూరప్ దేశాల లెక్క పెట్టింది: డిగ్రీ నర్సులు 10 శాతం ఎక్కువున్న కాడ, ఆపరేషన్ అయినోళ్లు చనిపోయే అవకాశం 7 శాతం తక్కువ.

మిర్యాలగూడ నైట్‌డ్యూటీ: అక్కా, అదే పేపర్ల రెండో లెక్క కూడా చెప్పు. నర్సు మీద ఒక్క పేషెంట్ పెరిగితే అదే 7 శాతం ఎక్కింది. నర్సింగ్ కౌన్సిల్ మామూలు దవాఖానకు 5 పడకలకు ఒకరు అంటది. నైట్ల ఒక్క సిస్టర్‌కు 30 పడకలు అప్పజెప్తే, పీహెచ్‌డీ ఉన్నా ఏం జేస్తది?

దేవరకొండ లేబర్‌రూం: రెండూ నిజమే, కానీ తేడా ఎక్కడొస్తదో చూడుండ్రి. ఫిట్స్ వచ్చిన గర్భిణికి ఇచ్చే మందు మెగ్‌సల్ఫ్ (మెగ్నీషియం సల్ఫేట్): 2 మిల్లీలీటర్ల ఆంపూల్‌ల 1 గ్రాము. 4 ఆంపూళ్లు, 12 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ కలిపి మెల్లగ ఐవీ (నరంలకు). తర్వాత పిర్రకు 5 గ్రాములు చొప్పున రెండు దిక్కుల ఐఎం (కండలకు). ఇది అందరికీ బట్టీ వచ్చు. 4 గంటలకు ఇంకో 5 గ్రాములు ఇచ్చే ముందట శ్వాస నిమిషానికి 16కు తగ్గొద్దు, నీ జెర్క్ (మోకాలి కింద తడితే కాలు ఎగురుడు) ఉండాలె, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లన్న రావాలె. ఎందుకంటే మందు కిడ్నీల నుంచే పోతది; మూత్రం తగ్గితే రక్తంల పేరుకుంటది. ముందు నీ జెర్క్ పోతది, ఆ తర్వాత ఊపిరి. చార్టుల అందరికీ శ్వాస “18” అని రాసుకుంట పోతే ఇది ఎట్ల దొరుకుతది? విరుగుడు మందు కాల్షియం గ్లూకోనేట్ పక్కనే పెట్టుకున్నా లాభం లేదు. ఈ పాఠం జీఎన్‌ఎంల కూడా ఉంది. మంచం కాడ నిలబడి నేర్పేటోళ్లే తక్కువ. కాలేజీ బోర్డు మార్చినంత మాత్రాన అది రాదు.

పాలమూరు వార్డు: ఒప్పుకుంట. అయినా కారణం అడిగే అలవాటు చదువుతోటే వస్తది. న్యూయార్క్‌ల 2017 చట్టం చూడుండ్రి: కొత్తగ లైసెన్స్ తీసుకునేటోళ్లు 10 ఏండ్లల్ల డిగ్రీ తెచ్చుకోవాలె, పాతోళ్లకు మినహాయింపు. మనకూ జీఎన్‌ఎం అయినోళ్లు డిగ్రీ తెచ్చుకునే పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఉంది గదా.

మిర్యాలగూడ నైట్‌డ్యూటీ: ఉంది, రెండేండ్ల రెగ్యులర్ కోర్సు. 20 మంది సిస్టర్లల్ల ఏటా ఇద్దరిని పంపినా, రెండో ఏటి నుంచి ఎప్పుడూ నలుగురు వార్డుల ఉండరు. ఆ నలుగురి జాగల మనుషులను, జీతంతోటి సెలవును ముందు రాసియ్యుండ్రి. అప్పుడు నేను కూడా బీఎస్సీ దిక్కే.