సమస్య: తడిసి తడిసి నాల్క తానె యెండె

నిర్వాహకుడు: నిన్న చంద్రపూర్‌లో ఒక విందులో నాసిక్ కాబెర్నే అనే ఎర్ర వైన్ పోశారు. రెండు గుటకలకే ఈ పాదం తగిలింది. దీన్ని చివరి పాదంగా పెట్టి తాగనివాళ్లూ పద్యం పూరించవచ్చు.

బల్లార్షా కాక:
ద్రాక్ష తొక్క వగరు తనలోన దాచిన
యెఱ్ఱ మధువు నోట నిమిడినంత
లాలలోని జిగట లాగివేయఁగఁ జూడ
తడిసి తడిసి నాల్క తానె యెండె

తాగి రాసింది, చదివి రాసింది కాదు.

సిరోంచ సారు: భావం బాగుంది కాకా. వగరునిచ్చే టానిన్ ఉమ్మిలోని ప్రోటీన్లను పట్టేసుకుంటుంది, అందుకే నోటి నునుపు పోయి నాలుక గరగరలాడుతుంది. 'జిగట లాగివేయఁగ' అచ్చంగా అదే. కానీ 'చూడ' ద్రుతాంతం, అంటే చివర 'న్' దాగిన మాట కదా, దాని తర్వాత 'త' 'ద'గా మారి 'తడిసి' కాస్తా 'దడిసి' కావాలి. నాలుక ఎండింది మద్యానికా, భయానికా? 'లాగివేసెనొ యేమొ' అంటే గొడవే లేదు. వగరు తొక్కకే కట్టబెట్టారు, గింజ, వైన్ నిలవుంచే ఓక్ పీపా ఏం పాపం చేశాయి?

బల్లార్షా కాక: పొలాల పండక్కి ఎద్దు పద్యంలో కొమ్ముకూ కాడికీ యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడీ) కలిపిన చెయ్యి నాకు ద్రుతం నేర్పుతోంది! పీపా సంగతి సరే. రంగు మాత్రం తొక్కదే. చాలా నల్లద్రాక్షలు పిండితే రసం తెల్లగానే వస్తుంది.

సిరోంచ సారు: ఆ కొమ్ము అదే రోజు సవరించాను, ఆ పద్యం కిందికి దిగి చదవండి. మా గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం. మీ చంద్రపూర్ జిల్లాకి 2015లో వచ్చి 2021లో పోయింది. మా గతి ఇదీ:

ప్రాణహితకు వరద పైపైకి పొంగులు
చుక్క దొరకదయ్య సురయె యిచట
ఫోను తెరను మధువు బొమ్మల జాతర
తడిసి తడిసి నాల్క తానె యెండె

ధర్మాబాద్ అక్క: ఫోనుకు బొమ్మతో యతి! సారు ఈసారి కాకను కొట్టేశారు. నాదీ చూడండి, షిరాజ్ అనే ఎర్ర వైన్ మీద.

షిరాజు మధువులోని చిరుమిరియపు ఘాటు
గుటక గుటక కొక్క కొత్త కబురు
మాట విన్న పిదప మౌనమే మిగిలిన
తడిసి తడిసి నాల్క తానె యెండె

నిర్వాహకుడు: 'షిరాజు' లఘువు, గురువు, లఘువు. ఆ వరుసతో మొదలైతే ఆటవెలది గడప దాటదు. 'సిరజు' అనండి, యతికీ ఢోకా లేదు. మిరియం మాత్రం కవి కల్పన కాదు. మిరియాల్లో ఉండే రోటండోన్ అనే పదార్థమే షిరాజ్‌లోనూ ఆ ఘాటు ఇస్తుందని 2008లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చారు. అక్కా, మీ రెండో పాదం ముందు మిగతావన్నీ దిగదుడుపే.

బల్లార్షా కాక: దిగదుడుపా? సరే. సారూ, ఓసారి బల్లార్షా రండి. కొవ్వు మటన్‌తో పోస్తా. మాంసం తగిలితే వగరు మెత్తబడుతుంది, నాలుక ఎండదు.

సిరోంచ సారు: ఎండకపోతే ఈ పాదం ఎవరు పూరిస్తారు కాకా? ముందు 'చూడ' సవరించండి, బస్సెక్కుతాను.