లినక్స్ మింట్ వేశాక లోగో దగ్గరే బిగుసుకుపోతోంది

మాది అమలాపురం. కొబ్బరి కొట్టు లెక్కలు చూసుకునే పాత డెస్క్‌టాప్‌లో విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్ మింట్ వేశాను. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు. వేసేటప్పుడు పెన్‌డ్రైవ్ నుంచి కంపాటిబిలిటీ మోడ్‌లోనే (మామూలుగా రానప్పుడు వాడే మోడ్) తెరుచుకుంది. ఇప్పుడు లోగో వచ్చి ఆగిపోతోంది. మౌస్ కదలదు, ఫ్యాను మాత్రం రయ్యిమంటోంది.

భీమవరం నుంచి: మధ్యలో కరెంటు పోయిందా? హార్డ్‌డిస్క్ చూపించండి.

రావులపాలెం నుంచి: డిస్క్ జోలికెళ్ళకండి. కంపాటిబిలిటీ మోడ్ అన్నారుగా, గుట్టంతా అక్కడే ఉంది. ఆ మోడ్ నోమోడ్‌సెట్ (nomodeset) అనే ఆప్షన్‌తో, గ్రాఫిక్స్ డ్రైవర్‌ను పక్కనపెట్టి నడుస్తుంది. ఆన్ చేయగానే షిఫ్ట్ పట్టుకోండి, కొత్త తరహా బూటింగ్ (యూఈఎఫ్‌ఐ) అయితే ఎస్కేప్ నొక్కండి. మింట్ మొదలవకముందు వచ్చే గ్రబ్ మెనూలో ‘ఇ’ కీ నొక్కి, లినక్స్ అని మొదలయ్యే లైను చివర నోమోడ్‌సెట్ చేర్చి ఎఫ్10 కొట్టండి. ఆ మార్పు ఆ ఒక్కసారికే పనిచేస్తుంది. అందుకే లోపలికెళ్ళాక డ్రైవర్ మేనేజర్‌లో మీ కార్డుకు రికమెండెడ్ అని చూపించే డ్రైవర్ వేసి రీస్టార్ట్ చేయండి.

అమలాపురం నుంచి: తెరుచుకుందండీ! డ్రైవర్ దిగుతోంది. మా నెట్‌తో పూట పట్టేలా ఉంది.