బ్రిటన్ ఎన్నికలు: బెట్టింగ్ రేట్లు, సర్వేలు చూసి సీట్లు ఎట్ల అంచనా కట్టాలె?

హన్మకొండ_చౌరస్తా:
హన్మకొండల మా దోస్తులం బ్రిటన్ రాబోయే పార్లమెంటు ఎన్నికల మీద అంచనాల పోటీ పెట్టుకుంటున్నం. ఒట్టి పాయింట్లే, పైసలు లెవ్వు. 2029 ఆగస్టు 15 లోపు ఎప్పుడైనా రావచ్చు గనుక ఇప్పటిసంది నేర్చుకుందమని. 6/4, 9/1 అని రాసే రేట్లను శాతాలల్లకు ఎట్ల మార్చాలె? సర్వేల ఓట్ల శాతం నుంచి సీట్లు ఎట్ల తీయాలె? మార్కులు ఎట్ల వేస్తే న్యాయం? ఇద్దరు ముగ్గురు అక్కడి యాప్‌ల నిజంగనే పైసలు పెడుదమంటున్నరు, పెట్టచ్చా? తెలిసినోళ్లు జర చెప్పుర్రి.

లెక్కల_పంతులు:
రేట్ల సంగతి నేను చెప్తాను. 6/4 అంటే 4 పౌండ్లు కాస్తే లాభం 6, కాసిన 4 కూడా వెనక్కి వస్తాయి. శాతం కావాలంటే రెండో అంకెను రెండింటి మొత్తంతో భాగించండి. 4ను 10తో భాగిస్తే 40 శాతం. దశాంశాల్లో 2.5 అని రాసి ఉంటే 1ని 2.5తో భాగించినా అదే వస్తుంది.

ఉదాహరణకు నాలుగు పార్టీలకు ‘ఎక్కువ సీట్లు’ రేట్లు 6/4, 7/4, 4/1, 9/1 అనుకోండి. 40, 36.4, 20, 10 వస్తాయి. కూడితే 106.4. వందకు పైన ఉన్న ఆ 6.4 బుకీ తన లాభానికి కలుపుకున్న మార్జిన్. ఒక్కోదాన్ని 106.4తో భాగించి 100తో గుణిస్తే అసలు అంకెలు: 37.6, 34.2, 18.8, 9.4. చాలామంది ఈ మెట్టు వదిలేస్తారు, అక్కడే లెక్క తప్పుతుంది. 50/1, 100/1 లాంటి దూరపు రేట్లను ఇంకా తగ్గించి చూడాలి, అసలు అవకాశం సాధారణంగా ఆ రేటు చెప్పేదానికన్నా తక్కువే.

రేటు ఏ ప్రశ్నకు ఇచ్చారో కూడా చూడండి. ఎక్కువ సీట్లు, పూర్తి మెజారిటీ, ఎక్కువ ఓట్లు, ఈ మూడూ వేరువేరు పందాలు. 2017లో కన్జర్వేటివ్‌లకు 317 సీట్లతో మొదటి స్థానం వచ్చింది గానీ మెజారిటీకి కావాల్సిన 326 అందలేదు. 1974 ఫిబ్రవరిలో ఓట్లు కన్జర్వేటివ్‌లకు ఎక్కువ, సీట్లు లేబర్‌కు ఎక్కువ, 301కి 297.

రేట్లను మరీ నమ్మకండి. 2015లో ఎవరికీ మెజారిటీ రాదన్నదే అందరి పందెం, కన్జర్వేటివ్‌లకు వచ్చింది. 2016 రెఫరెండం రాత్రి పోలింగ్ ముగిసేసరికి కూడా యూరోపియన్ యూనియన్‌లో ఉండిపోవడమే ఫేవరెట్.

లెస్టర్ల_కరీంనగరోడు:
సీట్ల లెక్క నేను రాస్త. మొత్తం 650: ఇంగ్లండ్ 543, స్కాట్లండ్ 57, వేల్స్ 32, ఉత్తర ఐర్లండ్ 18. చానా సర్వేలు ఉత్తర ఐర్లండ్‌ను కలుపవు, అవి 632 సీట్ల లెక్కలే. అందుకే సర్వే శాతాన్ని తుది ఫలితం పక్కకు పెట్టేటప్పుడు పెద్ద పార్టీకి దాదాపు ఒక శాతం తేడా ముందే ఉంటదని యాదికుంచుకోవాలె.

పాత పద్ధతి ఏందంటే, పోయిన ఎన్నికలకూ ఇప్పటి సర్వేకూ ఉన్న తేడాను ప్రతి సీటుల అట్లనే కలుపుడు, తీసేసుడు. చిన్న మార్పులకు నడుస్తది. 2024ల కన్జర్వేటివ్‌లు 43.6 నుంచి 23.7కు పడ్డరు, అంటే 19.9 పాయింట్లు. పోయినసారి 15 శాతమే వచ్చిన సీటుల 19.9 తీస్తే మైనస్ వస్తది! అసుంటి కాడ నిష్పత్తి ప్రకారం తగ్గియ్యాలె. 23.7ను 43.6తోని భాగిస్తే 0.54. 15 ఉన్న కాడ 8, 60 ఉన్న కాడ దాదాపు 33. రెండు తీర్ల కట్టి నడిమి అంకె తీసుకునుడు మంచిది.

ఇంక ఓట్లు ఎక్కడ ఉన్నయనేదే అసలు సంగతి. 2024ల రిఫార్మ్ పార్టీకి 14.3 శాతం, 5 సీట్లు. లిబరల్ డెమొక్రాట్లకు 12.2 శాతమే, 72 సీట్లు! లిబరల్ డెమొక్రాట్ల ఓట్లు కొన్ని సీట్లల్ల కుప్పవడ్డయి, రిఫార్మ్‌వి దేశమంత చెదిరినయి. సౌత్ వెస్ట్ నార్ఫోక్‌ల లేబర్ 26.7 శాతంతోనే గెలిచింది, మాజీ ప్రధాని లిజ్ ట్రస్ 630 ఓట్ల తేడాతోని ఓడింది. మన కామారెడ్డిల 2023ల ఇద్దరు పెద్ద లీడర్లను మూడో మనిషి ఓడగొట్టిండు గద, గసుంటి సీట్లు ఇప్పుడు అక్కడ మస్తుగున్నయి. వాటిల్ల ఒక్క శాతం అటుఇటైతే గెలిచేటోడే మారుతడు.

అన్నిటికన్న పెద్ద గోతి వేరే ఉన్నది. సర్వేలు తప్పితే అన్నీ ఒకే దిక్కుకు తప్పుతయి. 1992, 2015ల కన్జర్వేటివ్‌లను తక్కువ చూపినయి. 2024ల లేబర్ ఆధిక్యం 20కి దగ్గర చూపితే వచ్చింది 10. పది సర్వేల సగటు తీసినా ఈ తప్పు పోదు, నమూనాలనే దోషం ఉంటది. కనుక మొత్తం లెక్కను మూడుసార్లు కట్టుర్రి: సర్వే ఉన్నట్టు ఒకసారి, ఆధిక్యం 6 పాయింట్లు తగ్గించి ఒకసారి, 6 పెంచి ఒకసారి. ఒక్క అంకె కాదు, కింది హద్దు, మీది హద్దు రాయుర్రి.

కోర్టు_గుమాస్తా:
పైసల ముచ్చట పక్కన పెట్టుర్రి. 2017లో తెలంగాణ గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందాలను కూడా నిషేధంలోకి తెచ్చిండ్రు. 2025లో కేంద్రం కూడా ఆన్‌లైన్ మనీ గేమ్‌ల మీద చట్టం చేసింది. బ్రిటన్‌ల ఉన్న మనోళ్ల ఖాతాల ఆడుడు ఇంకా చెడ్డది. లైసెన్సున్న కంపెనీలు ఆడే మనిషి గుర్తింపు అడుగుతయి, వేరేవాళ్ల పైసలని తేలితే గెలిచినా ఇయ్యరు. అక్కడున్న మనోళ్లకు చెప్పాల్సింది వేరే ఉన్నది: చట్టబద్ధంగ అక్కడ నివసిస్తున్న భారత పౌరులు కామన్వెల్త్ పౌరులుగా పార్లమెంటు ఎన్నికల ఓటెయ్యచ్చు. పోలింగ్ రోజుకు 12 పనిదినాల ముందు పేరు నమోదు కావాలె, గుర్తింపుకు మన పాస్‌పోర్టు నడుస్తది.

హన్మకొండ_చౌరస్తా:
శుక్రియా అన్నా, పైసల మాట బంద్. మార్కుల పద్ధతి మిగిలింది. అంచనాలు ఎప్పటిదాంక తీసుకోవాలె?

లెక్కల_పంతులు:
అవును, కాదు ప్రశ్నలకు ఇట్లా వేయండి. 70 శాతం అన్నవాడికి అది జరిగితే 1కి తక్కువైన 0.3ను 0.3తోనే గుణించాలి, అంటే 0.09. జరగకపోతే 0.7ను 0.7తో, అంటే 0.49. నూటికి నూరు అని తప్పినవాడికి 1.00 పడుతుంది. తక్కువ వచ్చినవాడే గెలుపు. గుడ్డి ధీమాకు దెబ్బ గట్టిగా తగులుతుంది కనుక ఇదే న్యాయం.

సీట్లకైతే తేడాలన్నీ కూడండి. 2024 ఎగ్జిట్ పోల్ లేబర్ 410, కన్జర్వేటివ్ 131, లిబరల్ డెమొక్రాట్ 61, రిఫార్మ్ 13 అంది. వచ్చినవి 411, 121, 72, 5. తేడాలు 1, 10, 11, 8, మొత్తం 30. యూగవ్ అనే సర్వే సంస్థ చివరి అంచనా 431, 102, 72, 3. దాని తేడా 41. మీవాళ్లలో ఎవరైనా 60 లోపు తెస్తే గట్టివాడే.

ఎగ్జిట్ పోల్ అక్కడ రాత్రి 10కి వస్తుంది. ఎండాకాలం ఎన్నికైతే మనకు తెల్లవారుజామున 2:30, చలికాలమైతే 3:30. అంతకు ముందే, పోలింగ్ నాడు మన సాయంత్రానికల్లా అంచనాలు మూసేయండి. స్పీకర్ సీటును ఆయన పాత పార్టీ ఖాతాలో కలుపుతారో లేదో కూడా ముందే రాసుకోండి. 2024లో లేబర్‌కు కొన్నిచోట్ల 411, కొన్నిచోట్ల 412 అని ఉండడానికి కారణం అదే.