ఐదో నెల, రోజంతా నిలబడే డ్యూటీ: తేలిక పని ఎలా అడగాలి?

జడ్చర్ల దగ్గర మందుల కంపెనీలో ప్యాకింగ్‌లో చేస్తున్నా. షిఫ్టంతా నిలబడాలి. సాయంత్రానికి కాళ్లు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు. కూర్చుని లేబుళ్లు చూసే పని అడిగితే సూపర్‌వైజర్ "అట్లయితే జీతం తగ్గుతది" అన్నాడు. అత్తమ్మ మానేయమంటోంది. నాకు ఈ పని కావాలి. ఏం చేయాలి?

జవాబు 1: చెల్లీ, మానేయకు. 1961 ప్రసూతి చట్టంలోనూ, దాని బదులు వచ్చిన 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ ఒకే మాట ఉంది: కాన్పు తేదీకి ముందున్న ఆరు వారాల్లో, దానికీ ముందున్న నెలలో, నువ్వు అడిగితే బరువు పని గానీ ఎక్కువసేపు నిలబడే పని గానీ చెప్పకూడదు. ఆ తేలిక పనికి జీతం కోయకూడదు. ఐదో నెలకు ఆ గడువు ఇంకా రాలేదు కాబట్టి ఇప్పుడు నీ బలం డాక్టర్ చీటీయే. "ఎక్కువసేపు నిలబడరాదు" అని రాయించుకో. దరఖాస్తు హెచ్‌ఆర్‌కి ఇచ్చి, కాపీ మీద సంతకం తీసుకో. నోటిమాట ఎవరికీ గుర్తుండదు.

జవాబు 2: మహబూబ్‌నగర్‌లో నర్సును. వాపుతో పాటు తలనొప్పి, చూపు మసకబారడం ఉంటే ఆ రోజే బీపీ చూపించుకోమ్మా. డ్యూటీ సంగతి తర్వాత.

అడిగినామె: తలనొప్పి లేదక్కా. రేపే చీటీ రాయించుకుంటా. జీతంలోంచి ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) కట్ అవుతోంది, కాన్పు సెలవు జీతం ఎవరిస్తారు?

జవాబు 1: అర్హత ఉంటే ఈఎస్‌ఐనే ఇస్తుంది. మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు.