సింగపూర్ క్రూయిజ్‌లోకి మన డ్రింకులు ఏవేవి తీసుకెళ్లొచ్చు? (కొబ్బరినీళ్లు, ఆర్టోస్, వైను, విస్కీ)

కోనసీమ కొబ్బరాకు అడిగారు:

అందరికీ నమస్కారమండి. సంక్రాంతి వెళ్లాక సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల క్రూయిజ్‌కి టికెట్లు తీసుకున్నాం. రాయల్ కరీబియన్ ఓడ, మధ్యలో ఫుకెట్, పెనాంగ్. పెద్దవాళ్లం ఆరుగురు, పిల్లలిద్దరు, మూడు గదులు. మధురపూడిలో (రాజమండ్రి విమానాశ్రయం) ఎక్కి హైదరాబాదు, అక్కణ్ణుంచి సింగపూర్.

నాన్నగారికి కొబ్బరినీళ్లు, మజ్జిగ లేకపోతే పూట గడవదు. పిల్లలు ఆర్టోస్ కూల్‌డ్రింకు ఒక కేసు కావాలంటున్నారు. మా బావగారైతే రెండు ఫుల్ బాటిళ్ల విస్కీ సూట్‌కేసులో పడేసి, పాపికొండల లాంచీ ఎక్కినట్టు కూలర్ బాక్సు చంకన పెట్టుకుని ఎక్కేద్దామంటున్నారు. తాగే నీళ్లు కూడా మోసుకెళ్లాలా? ఏది లోపలికి పోనిస్తారో, ఏది ఆపేస్తారో తెలిసినవాళ్లు చెప్పండి.

గౌతమి గట్టు:

మీ ఓడ కంపెనీ నియమం పెద్ద చిక్కేం కాదండి. తాగే వయసు వచ్చినవాళ్లు తలా ఒక వైన్ బాటిల్ గానీ షాంపేన్ గానీ తెచ్చుకోవచ్చు. 750 మి.లీ. వరకే, సీలు విప్పకూడదు, ఓడ ఎక్కే రోజునే తేవాలి. సింగపూర్ నుంచి బయల్దేరే ఓడల్లో ఆ వయసు 18. అట్టపెట్టెలో వచ్చే వైను ఒప్పుకోరు. బీరు, విస్కీ, బ్రాందీ, రమ్ము... వీటికి చుక్క కూడా అనుమతి లేదు. అంటే మీ ఆరుగురికీ కలిపి ఆరు వైన్ బాటిళ్లు, అంతే.

మత్తు లేనివి అయితే డబ్బా, సీసా, అట్టడబ్బా ఏదైనా సరే, ఒక్కోటి 17 ఔన్సులు, అంటే మన అర లీటరుకి దగ్గర, దాటకూడదు. అలాంటివి 12. లీటరు బాటిళ్లు ఒప్పుకోరు. ఆ 12 మనిషికా, గదికా అన్నది మీ బుకింగ్ పేజీలో ఒకసారి చదువుకోండి. అనుమానం ఉంటే గదికి 12 లెక్కన సర్దితే గొడవే ఉండదు.

ఇక జనం తప్పు చేసేది ఎక్కడంటే, బాటిల్ ఎక్కడ పెట్టారన్న దగ్గర. డ్రింకు ఏదైనా చేతిసంచిలోనే ఉండాలి. టెర్మినల్ దగ్గర సూట్‌కేసులు పోర్టరుకి ఇచ్చేస్తాం కదా, అవి విడిగా స్కానర్ కిందకి పోతాయి. అందులో సీసా కనబడితే ఆ పెట్టె మీ గదికి రాదు. సెక్యూరిటీ గదికి పోతుంది. సాయంత్రం దాకా ఎదురుచూసి, కిందకి దిగి, వాళ్ల ముందు పెట్టె తెరిచి చూపించాలి. మొదటి రాత్రి భోజనానికి కట్టుకునే బట్టలు అందులోనే ఉంటే ఇంక చూస్కోండి. ఇస్త్రీపెట్టె, కరెంటు కెటిల్, నీళ్లు కాచే కాయిలు ఉన్న పెట్టెలకీ ఇదే గతి, ఎందుకంటే ఓడలో అన్నిటికంటే ఎక్కువ భయం నిప్పంటేనే.

కూలర్ బాక్సు సంగతి మర్చిపోమనండి. అన్నట్టు గోదావరి లాంచీల్లో కూడా మందుతో ఎక్కడం పనికిరాదు, బావగారికి అదీ చెప్పండి.

ధవళేశ్వరం లాకు:

ఓడ దాకా చేరాలి కదా, విమానం సంగతి నేను చెబుతాను.

చేతిసంచిలో 100 మి.లీ. దాటిన ఏ ద్రవాన్నీ విమానం ఎక్కనివ్వరు. కాబట్టి వైను ఇక్కణ్ణుంచే మోస్తే చెక్-ఇన్ పెట్టెలో పెట్టాలి, సింగపూర్‌లో దిగాక తీసి చేతిసంచిలోకి మార్చాలి. ఈ మార్చడం మర్చిపోతే పైన గట్టుగారు చెప్పిన కథే. వైను లాంటి, ఆల్కహాల్ 24 శాతం లోపు ఉన్న సరుకుకి విమానంలో లీటర్ల పరిమితి లేదు. 24 నుంచి 70 శాతం మధ్య అయితే మనిషికి 5 లీటర్లు, కొట్టులో కొన్న సీలుతో ఉండాలి. 70 దాటితే అసలు కుదరదు.

విమానం ఒప్పుకుంది కదా అని సింగపూర్ కస్టమ్స్ ఒప్పుకోదు. 18 నిండి, కనీసం 48 గంటలు సింగపూర్ బయట ఉండి, మలేషియా నుంచి కాకుండా వస్తేనే సుంకం లేని కోటా. అది మొత్తం 2 లీటర్లు: లీటరు స్పిరిట్‌తో (విస్కీ, బ్రాందీ లాంటివి) పాటు లీటరు వైను గానీ బీరు గానీ, లేదంటే లీటరు వైను, లీటరు బీరు, లేదా రెండూ వైనే, రెండూ బీరే. స్పిరిట్ మాత్రం లీటరు దాటదు. బావగారి రెండు ఫుల్‌లు లీటరున్నర. ఆయనొక్కరే పట్టుకెళ్తే ఓడ దాకా కూడా పోనక్కర్లేదు, విమానాశ్రయంలోనే మిగతా అర లీటరుకి సుంకం కట్టాలి. కట్టకుండా గ్రీన్ ఛానల్లో (సుంకం కట్టాల్సిందేమీ లేనివాళ్లు వెళ్లే దారి) నడిచిపోతే జరిమానా.

నన్నడిగితే వైను ఇక్కణ్ణుంచి మోయడం దండగ. ఛాంగీ విమానాశ్రయంలో దిగాక సామాను తీసుకునే హాల్లోనే డ్యూటీఫ్రీ కొట్టుంటుంది, అక్కడ కొనండి. ఊళ్లో కొంటే రాత్రి 10:30 తర్వాత ఉదయం 7 దాకా సింగపూర్‌లో మద్యం పార్శిల్ అమ్మరు, పొద్దున్నే ఓడ ఉంటే ముందు రోజే చూసుకోండి. బిరడా ఉన్న సీసా కాకుండా తిప్పే మూతది తీసుకుంటే, తీసే పరికరం కోసం గదిలో వెతుక్కోనక్కర్లేదు. గదిలో తాగితే ఖర్చు లేదు. డైనింగ్ హాలుకి పట్టుకెళ్తే మాత్రం సీసాకి 15 డాలర్లు కార్కేజీ (బయటి సీసా అక్కడ తాగినందుకు రుసుం) అంటారు.

ఆర్టోస్ కేసు గురించి. 1919 నుంచి రామచంద్రపురం పరువు కాబట్టి పిల్లల మాట కాదనలేంగానీ, 24 గాజుసీసాలు పెట్టెలో పెట్టొద్దు. ప్లాస్టిక్ బాటిళ్లయినా విమానం పైకెళ్లినప్పుడు లోపలి గాలి ఒత్తిడి తగ్గుతుంది, దాదాపు 2,400 మీటర్ల కొండ ఎక్కినట్టు. గ్యాసున్న డ్రింకు మూత దగ్గర కారుతుంది. ఒక్కోటి విడిగా ప్లాస్టిక్ కవర్లో ముడేసి, లుంగీలో చుట్టి, పెట్టె మధ్యలో పెట్టండి. గదికి నాలుగు చాలు. అర లీటరువి 12 అంటే ఆరు కిలోలు. దేశంలో తిరిగే విమానాలకి మామూలుగా 15 కిలోలే ఇస్తారు. మధురపూడి నుంచి సింగపూర్ దాకా ఒకే టికెట్ అయితే అంతర్జాతీయ లెక్క వర్తిస్తుంది, విడివిడిగా కొంటే రాజమండ్రిలోనే అదనపు బరువుకి కట్టించుకుంటారు.

ఆత్రేయపురం పూతరేకు:

నాన్నగారి మజ్జిగకి ఏమీ మోయొద్దండి. పొద్దున బఫేలో పెరుగు ఉంటుంది, పళ్లు కలిపిన తియ్యటిది కాకుండా ప్లెయిన్ అని అడిగి తీసుకోండి. కప్పు పెరుగుకి మూడు కప్పుల నీళ్లు పోసి గిలక్కొడితే మన మజ్జిగే. మన పెరుగంత పులుపుండదు, నిమ్మరసం పిండుకోవాలి, నిమ్మ ముక్కలు టీ దగ్గరే ఉంటాయి. వేయించిన జీలకర్ర పొడి, శొంఠి, ఉప్పు చిన్న పొట్లాలు కట్టి పెట్టెలో వేసుకోండి. పొడులతో చిక్కు లేదు.

కొబ్బరినీళ్లు ఇంట్లో సీసాలో పట్టి తీసుకెళ్లే ఆలోచన వద్దేవద్దు. బొండాం కొట్టిన కొన్ని గంటలకే పులుపెక్కుతాయి, సీలు లేని సీసాని ఓడవాళ్లూ తీసుకోరు. బొండాలే తీసుకెళ్దామంటే, అవి కొట్టే కత్తి ఓడలోకి రాదు! 200 మి.లీ. అట్టడబ్బాల్లో వచ్చేవి సింగపూర్ సూపర్‌మార్కెట్లో కొనండి. నాలుగు రోజులకి నాన్నగారికి రోజుకి రెండు చొప్పున ఎనిమిది. 12లో ఇమిడిపోతాయి. కోనసీమవాళ్లం కొబ్బరినీళ్లు డబ్బాలో తాగడమేంటని నొచ్చుకుంటారేమో గానీ, ఇంకో దారి లేదు. కల్లు సంగతి మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు అడుగుతారు: అది దారిలో పొంగుతూనే ఉంటుంది, మూత ఎగిరిపోతుంది.

తాగే నీళ్లు అస్సలు మోయకండి. ఓడలోనే సముద్రపు నీటిని శుద్ధి చేసి క్లోరిన్ కలుపుతారు, గదిలో కుళాయి నీళ్లు కూడా తాగొచ్చు. బల్ల మీద అందంగా పెట్టిన బాటిల్‌కి మాత్రం బిల్లు పడొచ్చు, చీటీ చూసి మూత తీయండి. ఖాళీ స్టీలు బాటిల్ తెచ్చుకోండి. బఫే కుళాయికి దాని మూతి ఆనించొద్దు, గ్లాసులో పట్టి అందులో పోసుకోవాలి. ఓడలో కడుపు జబ్బు ఒకరికొస్తే వందమందికి పాకుతుందని సిబ్బంది ఈ విషయంలో గట్టిగా ఉంటారు. టీ, కాఫీ, నిమ్మరసం లాంటివి బఫేలో ఉచితమే. పిల్లలకి కోలాలు మాత్రం డబ్బులకే.

కోనసీమ కొబ్బరాకు:

చాలా ఉపయోగపడిందండి, ఆయ్. బావగారు ఇప్పుడు కొత్త పాట అందుకున్నారు: విస్కీని మౌత్‌వాష్ సీసాలో పోసి మూత బిగిద్దామట. లేదా ఫుకెట్‌లో కొని తెచ్చుకుందామట. అదీ కాకపోతే ఓడలో డ్రింక్ ప్యాకేజీ (రోజుకింత అని కట్టేసి ఎన్నైనా తాగేది) కొంటానంటున్నారు. ఇదంతా వద్దు, వేరే కంపెనీ ఓడకి మారదామా అని మా చెల్లెలు.

గౌతమి గట్టు:

మౌత్‌వాష్ ఎత్తు పాతదేనండి, స్కానర్ దగ్గర కూర్చున్నవాళ్లకి అన్నిటికంటే ముందు తెలిసింది అదే. మూత తీసి వాసన చూస్తారు, పారబోస్తారు. నియమం మీరినవాళ్లని ఓడ దింపేసే హక్కు కూడా కంపెనీకి టికెట్ షరతుల్లోనే ఉంది.

ఫుకెట్‌లో కొంటే తిరిగి ఎక్కేటప్పుడు తీసుకుని రసీదు ఇస్తారు, ప్రయాణం చివర్లో ఇస్తారు. ఓడలోని కొట్టులో కొన్న సీసాకీ అంతే. పైగా మీ ఓడ ఆఖరున పెనాంగ్ నుంచి సింగపూర్ వస్తే, మలేషియా నుంచి వచ్చినట్టు కాబట్టి సింగపూర్‌లో మీకు సుంకం లేని కోటా సున్నా.

ప్యాకేజీ లెక్క ఇలా వేసుకోండి. ఉదాహరణకి రోజుకి 70 డాలర్లు అనుకుంటే, 18 శాతం సర్వీసు కలిపి 82.60. కాక్‌టెయిల్ 14 అయితే 18 శాతంతో 16.52. అంటే రోజుకి అయిదు తాగితే సరికి సరి, ఆరోది లాభం. 8 డాలర్ల బీరు అయితే తొమ్మిది తాగాలి. నాలుగు రోజులూ అంత తాగే మనిషి, ఫుకెట్‌లో దిగి పగలంతా బయటే తిరిగితే ఏం గిట్టుబాటు? అసలు మెలిక ఇంకోటి ఉంది: గదిలో ఒకరు మద్యం ప్యాకేజీ కొంటే ఆ గదిలో పెద్దవాళ్లంతా కొనాల్సిందే. అక్కగారు తాగరు కదా? అయితే బావగారికి తోడు తాగేవాళ్లనే ఆ గదిలో వేయండి, ఆడవాళ్లు ఇంకో గది తీసుకోండి. కొనేదేదో బయల్దేరక ముందే వెబ్‌సైట్లో కొంటే ఓడ మీద కన్నా చవక.

ధవళేశ్వరం లాకు:

గట్టుగారితో ఒక్కచోట నాకు పేచీ. గది మార్పులు కాగితం మీద బాగానే ఉంటాయి గానీ, నాలుగు రాత్రులకి ఆరు వైన్ సీసాలు ఉన్నవాళ్లకి ప్యాకేజీ ఎందుకండి? ఆ పైన కావాలంటే గ్లాసు లెక్కన కొనుక్కోవచ్చు.

కంపెనీ మారితే మేలేం లేదు, ఒక్కోరిది ఒక్కో తీరు. కార్నివాల్ 12 ఔన్సుల డబ్బాలు 12 తెచ్చుకోనిస్తుంది, కానీ డబ్బా, అట్టడబ్బా మాత్రమే. ప్లాస్టిక్, గాజు సీసాల్లో నీళ్లు కూడా ఒప్పుకోదు. నార్వేజియన్‌లో వైను ఎన్ని సీసాలైనా సరే, గదిలో తాగినా సీసాకి 15 డాలర్లు కార్కేజీ, కూల్‌డ్రింకులకి మాత్రం చోటు లేదు. ఎంఎస్‌సీ ఏదీ రానివ్వదు. చెన్నైలో సర్కార్ ఎక్స్‌ప్రెస్ రైలు దిగి ఎక్కేయొచ్చు కదా అని కార్డీలియా ఓడ వైపు చూస్తారేమో, అందులోనూ బయటి తిండి, డ్రింకులు నిషేధం. పసిపిల్లల పాలపొడికి, డాక్టరు రాసినవాటికి ఎక్కడా అడ్డు చెప్పరు, చీటీ దగ్గర పెట్టుకోండి.

తిరుగు ప్రయాణంలో ఒక సంగతి చూసుకోండి. ఛాంగీలో విమానం ఎక్కేముందు డ్యూటీఫ్రీలో కొన్న సీసాలు సీలు కవర్లో హైదరాబాదు దాకా చేతిలోనే వస్తాయి. మనిషికి 2 లీటర్ల వరకు మన కస్టమ్స్‌లో సుంకం లేదు. కానీ హైదరాబాదులో సామాను తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ రాజమండ్రి విమానానికి చెక్-ఇన్ చేయాలి కదా, అక్కడ ఆ సీసాలు పెట్టెలోకి వెళ్లిపోవాలి. చేతిలో ఉంచుకుని సెక్యూరిటీ దాకా వెళ్తే అక్కడ ఆపేయొచ్చు, అప్పటికి పెట్టె వెళ్లిపోయి ఉంటుంది. పెట్టెలో అంత ఖాళీ, చుట్టడానికి రెండు తువ్వాళ్లు ముందే ఉంచమనండి బావగారిని.