అప్‌డేట్: మాక్సిమాలో ఓడీఈ2 సమాధానం ఇవ్వట్లేదన్న సమస్య తీరింది

మాక్సిమా అనే గణిత సాఫ్ట్‌వేర్‌లో అవకలన సమీకరణాలు సాధించే ఓడీఈ2 ఫంక్షన్‌కి వై డబుల్ ప్రైమ్ (వై రెండో అవకలజం) + 4వై = 0 అనే సమీకరణాన్ని ఇస్తే సమాధానం రావట్లేదని పోయిన వారం అడిగాను కదా, తేలిపోయింది. సాయం చేసిన అందరికీ థాంక్స్.

"ముందు సమీకరణం ఒక్కటే ప్రింట్ చేసి చూడండి" అన్న సలహాతో దొరికింది. తెర మీద 4వై = 0 అని మాత్రమే ఉంది! అవకలనం చేసే డిఫ్ ఫంక్షన్ ముందు సింగిల్ కోట్ పెట్టడం మర్చిపోయాను. అది లేకపోతే మాక్సిమా అవకలనం అక్కడికక్కడే చేసేస్తుంది. వై అనేది ఎక్స్ మీద ఆధారపడుతుందని నేను చెప్పలేదు కాబట్టి సున్నా వచ్చేసింది. కోట్ పెట్టగానే సైన్ 2ఎక్స్, కాస్ 2ఎక్స్, రెండు స్థిరాంకాలతో సహా వచ్చాయి. ప్రారంభ విలువలు ఇచ్చి స్థిరాంకాలు తేల్చే ఐసీ2 ఫంక్షన్‌లో ఎక్స్ = 0 దగ్గర వై = 1, వాలు 0 అని ఇస్తే కాస్ 2ఎక్స్ మిగిలింది. దాన్ని తిరిగి సమీకరణంలో పెట్టి సున్నా చూశాకే టెన్షన్ పోయింది.

కొత్త వెర్షన్ వేసుకోవడానికీ దీనికీ సంబంధం లేదు. రెండు రోజులు దానికే పోయాయి.