దాదర్‌లో ఎక్కి, వెనక్కి వెళ్లి, సీటు పట్టడం న్యాయమేనా?

ఫోర్ట్ గుమాస్తా:
సాయంత్రం ఆరున్నరకు ముంబయి సీఎస్‌ఎంటీలో (ఛత్రపతి శివాజీ మహరాజ్ టెర్మినస్) కల్యాణ్ ఫాస్ట్ కోసం, అంటే కొన్ని స్టేషన్లలోనే ఆగే లోకల్ రైలు కోసం నిలబడతాం. మొదటి స్టేషను కనుక బండి ఖాళీగా ఉండాలి. ఉండదు. ప్లాట్‌ఫారం మీదికి వస్తుండగానే కిటికీల్లో తలలు కనిపిస్తాయి. దారి మధ్యలోని దాదర్‌లోనో బైకుల్లాలోనో ఇటు వచ్చే బండి ఎక్కి, ఇక్కడ దిగకుండా అదే సీట్లో ఇంటికి పోయే మహానుభావులు వీరు. కొందరైతే అప్పటికే కళ్లు మూసుకుని నిద్ర నటిస్తుంటారు. మొదటి స్టేషనులో ఎదురుచూసినవాడికి దక్కాల్సినదాన్ని దారిలో పట్టుకుపోవడం దొంగతనం కాక మరేమిటి?

డోంబివలి కోడలు:
ఆ మాట వెనక్కి తీసుకోండి. నా ఆఫీసు పరేల్‌లో. ఆ వేళకు దాదర్‌లో ఫాస్ట్ ఎక్కితే డోంబివలి దాకా దాదాపు గంట సేపు రెండో కాలు మోపే చోటుండదు. అందుకే పాసు సీఎస్‌ఎంటీ వరకు కట్టాను. డబ్బు కట్టిన దూరమే ప్రయాణిస్తున్నాను, పైగా ఇంటికి ఆలస్యంగా చేరుతున్నాను. ఆ సీటు ఊరికే రాలేదు. అన్నట్టు, నేను కూర్చునేది మహిళల పెట్టెలో. మీ సీటు నేనెలా పట్టుకుపోయానండీ?

రూలు కర్ర:
పాసు ఉంటే తప్పు లేదు. దాదర్–డోంబివలి పాసుతో సీఎస్‌ఎంటీ వరకు వెళ్తే మాత్రం అది టికెట్ లేని ప్రయాణమే. టీసీ పట్టుకుంటే ఛార్జీతో పాటు కనీసం 250 రూపాయల జరిమానా. ఇలా వెనక్కి వెళ్లి అదే బండిలో ‘రిటర్న్’ వచ్చేవారిలో పాసు పొడిగించుకున్నవాళ్లు ఎంతమందో చెప్పమనండి.

గుంటూరు కుర్రాడు:
మీరంతా సీటు గురించి కొట్లాడుతున్నారు, నాకు దిగడమే చేతకావడం లేదు. ఉద్యోగానికి కొత్తగా వచ్చాను, ఉండేది ఠాణేలో. మొన్న ఠాణేలో దిగనివ్వకుండా జనం డోంబివలి దాకా తీసుకుపోయారు.

వర్లీ పెద్దాయన:
ముందు నీ సంగతి చూద్దాం బాబూ. ఎక్కగానే బ్యాగు వీపు మీద నుంచి ఛాతీ మీదికి తెచ్చుకో, లేదా పై అరలో పెట్టించు. నీ చెయ్యి అందకపోయినా పదిమంది చేతులు మారి అదే చేరుతుంది. ఘాట్‌కోపర్ దాటగానే తలుపు వైపు కదులు. ముందున్నవాణ్ణి “ఠాణే?” అని అడుగు. అవునంటే అతని వెనకే నిలబడు, కాదంటే పక్కకు ఒదిగి దారి ఇస్తాడు. ఎక్కేముందు ప్లాట్‌ఫారం మీది ఇండికేటరు బోర్డు చూడు: ఎఫ్ అంటే ఫాస్ట్, ఎస్ అంటే స్లో. దివ్యాంగుల పెట్టె ఎంత ఖాళీగా కనిపించినా ఎక్కకు. తలుపు బయట వేలాడవద్దు. 2025 జూన్ 9న ముంబ్రా దగ్గర అలా వేలాడుతున్నవాళ్లే కింద పడి ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఇక అసలు గొడవ. మేము పద్మశాలీలం, మా నాన్న మిల్లు కార్మికుడు, ఈ బండ్లలోనే పెరిగాను. 1853 ఏప్రిల్ 16న బోరీబందర్ (ఇప్పుడు సీఎస్‌ఎంటీ ఉన్న చోటు) నుంచి ఠాణేకు నడిచిన మొదటి బండిలో 14 పెట్టెలకు కలిపి సుమారు 400 మంది. ఇప్పుడు సాయంత్రం ఫాస్ట్‌లో ఒక్క పెట్టెలోనే దాదాపు అంతమంది. ఇంత ఇరుకులో సీటు నాదంటే నాదని కూర్చుంటే కుదరదు. ముగ్గురి బల్ల మీద నాలుగోవాడు ఒక తొడ మోపి, ఒక కాలు నడవలో పెట్టి కూర్చుంటాడు. ఏ రైల్వే పుస్తకంలోనూ లేదది. అయినా అడిగితే ముగ్గురూ జరుగుతారు, జరగనివాణ్ణి పెట్టెంతా గుడ్లురిమి చూస్తుంది. “ఎక్కడ దిగుతారు?” అని ముందు అడిగినవాడిదే తర్వాతి సీటు. కల్యాణ్ వెళ్లేవాడు ఠాణేలో లేచి, నిలబడ్డవాణ్ణి కూర్చోబెట్టడం కూడా మా గుంపుల్లో మామూలే. రిటర్న్ రావాలనుకుంటే రండి. కానీ ఠాణేలో లేవండి.

ఫోర్ట్ గుమాస్తా:
కోడలు గారూ, మహిళల పెట్టె విషయంలో మీ మాట నిజమే, మిమ్మల్ని అనలేదు. పాసు లేకుండా వచ్చేవాళ్లనే అన్నాను, అంటాను. పెద్దాయన చెప్పింది బాగుంది కానీ, నిద్రపోయేవాణ్ణి ఎవరు లేపుతారు?

డోంబివలి కోడలు:
గర్భిణి వచ్చినా, చంటిబిడ్డ తల్లి వచ్చినా దాదర్‌లోనే లేస్తాను, ఎవరూ అడగక్కరలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కోసం మాత్రం ఠాణేలో లేవను. అక్కడి నుంచి డోంబివలికి పావుగంటే కదా, ఆ కాసేపు నిలబడితే వాళ్లకేమవుతుంది?

రూలు కర్ర:
ఆ లెక్క మీకే ఎదురు తిరుగుతుంది. పావుగంటే అయితే నిలబడటానికి మీకు మాత్రం కష్టమేమిటి? పెద్దాయన గారూ, మీ లెక్కా కుదరలేదు. సీఎస్‌ఎంటీ నుంచి డోంబివలి సుమారు 48 కిలోమీటర్లు, ఠాణే 34. ఠాణేలో లేస్తే పంచుకున్నట్టు కాదు, మిగిలింది పెట్టినట్టు. ఘాట్‌కోపర్‌లో లేస్తే ఒప్పుకుంటాను.

వర్లీ పెద్దాయన:
ఘాట్‌కోపర్‌లో లేచేవాణ్ణి నాకు చూపించు నాయనా, దండ వేస్తాను.

గుంటూరు కుర్రాడు:
పెద్దాయన గారూ, ఒక్క సందేహం. పై అరలో పెట్టిన బ్యాగు దిగేముందు ఎవరిని అడగాలి?

వర్లీ పెద్దాయన:
దాని కింద కూర్చున్నవాణ్ణి. నిద్రపోతుంటే భుజం తట్టి లేపు, ఏమీ అనుకోడు. గుమాస్తా గారూ, మీరూ అలాగే లేపవచ్చు.